బోల్టన్ అబ్బే చుట్టు నడక: వార్ఫ్ నది ఒడ్డున, స్ట్రిడ్ అడవిలో ఒక పూట

ఇంగ్లండ్‌లో లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, మాంచెస్టర్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు వేసవిలో ఒక చిక్కు తప్పదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను, బడి సెలవుల్లో ఉన్న పిల్లలను ఒకేసారి ఎక్కడికి తీసుకువెళ్లాలి? కొండ ఎక్కుదామంటే పెద్దవాళ్ల మోకాళ్లు ఒప్పుకోవు. దుకాణాల వెంట తిప్పితే రెండు గంటలకే అందరికీ విసుగు. నన్ను అడిగితే బోల్టన్ అబ్బే అంటాను. యార్క్‌షర్ డేల్స్ జాతీయ ఉద్యానవనం దక్షిణపు అంచున, వార్ఫ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. అక్కడి పాత మఠం శిథిలాల దగ్గర మొదలుపెట్టి, నది వెంట ఓక్ అడవిలోకి వెళ్లి, అవతలి ఒడ్డు మీదుగా మళ్లీ అక్కడికే చేరుకోవచ్చు. వచ్చిన దారినే తిరిగి రానక్కర్లేదు.

దారి సులువే, నది మాత్రం సులువైనది కాదు. ఈ రెండూ కలిపి తెలుసుకోకుండా ఎవరూ అక్కడికి పిల్లలను తీసుకువెళ్లకూడదని నా అభిప్రాయం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాలుగు వంతెనలు, మూడు కొలతలు

నది ఒడ్డున చుట్టి రావాలంటే ముందు చూసుకోవలసినది దూరం కాదు, వంతెనలు. ఎక్కడ దాటగలమో అక్కడే వెనక్కి మళ్లగలం. ఇక్కడ దిగువ నుంచి ఎగువకు వరుసగా నాలుగు ఉన్నాయి: మఠం పక్కన నడక వంతెన, కావెండిష్ పెవిలియన్ అనే ఫలహారశాల దగ్గర చెక్క వంతెన, అడవి దాటాక నీటి పైపులను మోసే రాతి వంతెన, చివరగా బార్డెన్ రోడ్డు వంతెన.

మొదటి రెండింటి మధ్య చుట్టి వస్తే మూడు కిలోమీటర్ల పైచిలుకు. పసిపిల్లలు ఉంటే, మబ్బు పట్టి ఉంటే ఇది చాలు. పెవిలియన్ నుంచి అడవి గుండా వెళ్లి పైపుల వంతెన దాటి తిరిగి వస్తే ఆరున్నర. అన్నీ కలుపుకుని బార్డెన్ దాకా వెళ్లి వస్తే 11 కిలోమీటర్లు, కాస్త అటూఇటూగా. తీరుబడిగా, తింటూ, కూర్చుంటూ నడిస్తే నాలుగైదు గంటలు పడుతుంది. కింద చెప్పేది ఈ పెద్ద చుట్టు గురించే. ఓపిక తగ్గిన చోట దగ్గరలోని వంతెన దాటి వెనక్కి మళ్లండి.

దారి తప్పకుండా ఉండటానికి ఒక గుర్తు చెబుతాను. పెవిలియన్ నుంచి పడమటి ఒడ్డున ఎగువకు వెళ్లి, దాటి, తూర్పు ఒడ్డున దిగువకు వస్తారు కాబట్టి పై చుట్టు అంతా నది మీ కుడిచేతి వైపే ఉంటుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టే అనుకోండి. మఠానికీ పెవిలియన్‌కూ మధ్య ఉన్న కింది చుట్టులో మాత్రం ఇది తిరగబడి, రాకపోకలు రెండింటిలోనూ నది ఎడమవైపు ఉంటుంది.

బయలుదేరే ముందు

కారులో అయితే లీడ్స్ నుంచి 35 కిలోమీటర్ల చిల్లర. ఆ ఊరూ, చుట్టుపక్కల భూములూ డెవన్‌షర్ డ్యూక్ కుటుంబపు ఎస్టేటు. అందుకే కారు నిలపడానికి రోజువారీ రుసుము ఉంటుంది. ముందురోజే ఆన్‌లైన్‌లో ధర చూసి కొనుక్కోండి. ఎండ కాసిన ఆదివారం మధ్యాహ్నానికి జాగా దొరకడం కష్టం. కారు లేనివారు లీడ్స్ నుంచి రైలులో అరగంటలో ఇల్క్లీ చేరి, అక్కడ గ్రాసింగ్టన్ వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. ఆ బస్సులు రోజుకు కొన్నే, రోజును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. పోయే బస్సు కన్నా తిరిగి వచ్చే బస్సు వేళ ముందు రాసుకోండి. పటంలో బోల్టన్ అబ్బే పేరుతో రైల్వే స్టేషన్ కనిపిస్తే సంబరపడవద్దు. అది ఎంబ్‌సే నుంచి వచ్చే పాత ఆవిరి రైలు స్టేషన్. పిల్లలకు సరదా, లీడ్స్ నుంచి వచ్చేవారికి ఉపయోగం లేదు.

చలికాలంలో గడియారాన్ని నమ్మకండి, సూర్యుణ్ణి చూసుకోండి. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, అడవిలో ఇంకా ముందే చీకటి పడుతుంది. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నరకూ వెలుగే.

బట్టల విషయంలో ఒకటే మాట: జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి, ఆరక, కాళ్లకు చలి పట్టిస్తాయి. పల్చటి ప్యాంటు, వాన ఆపే జాకెట్, అడుగున పట్టు ఉన్న బూట్లు చాలు. చీరకట్టుతో నడిచే అమ్మలకు పెవిలియన్ నుంచి, నది ఇరుకు సందులోకి దూరే స్ట్రిడ్ అనే చోటు దాకా ఏ ఇబ్బందీ ఉండదు, కాళ్లకు మాత్రం చెప్పుల బదులు బూట్లు వేయించండి. తూర్పు ఒడ్డు దారిలో వేళ్లు, మెట్లు, బురద ఉన్నాయి. కుచ్చిళ్లు పైకి దోపుకోక తప్పదు. తోపుడు బండిలో పసివాళ్లు ఉంటే ఆ ఒడ్డుకు వెళ్లనే వద్దు. పడమటి ఒడ్డు దారినే వెళ్లి, అదే దారిన తిరిగి రండి.

లోయలో ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆర్డినెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్2 కాగితపు పటం ఒకటి సంచిలో పెట్టుకోండి. అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఆకుపచ్చ చుక్కల గీతలు కనిపిస్తే అవి ఎవరైనా నడవగలిగే దారులు. నేల మీద వాటికి గుర్తు గేట్ల మీది పసుపు బాణాలు.

ఇక భోజనం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, ఏదైనా సరే. నది ఒడ్డు పచ్చిక మీద ఎక్కడ కూర్చున్నా అడిగేవారు లేరు. కరివేపాకు, మిరపకాయ తొడిమలు, నిమ్మ తొక్కలు కూడా డబ్బాలోనే వెనక్కి తీసుకురండి. మట్టిలో కలిసిపోయేవే కదా అనుకుంటాం గాని, అక్కడి చలికి అవి కుళ్లడానికి నెలలు పడుతుంది.

దశ 1: గోడ కన్నం నుంచి రాళ్ల వరుస దాకా

ఊళ్లోని కారు స్థలం నుంచి రోడ్డు జాగ్రత్తగా దాటితే ఎదురుగా పాత రాతి గోడ, అందులో ఒక కన్నం. దాని పేరే గోడ కన్నం. దూరి అవతలికి అడుగు పెట్టగానే పచ్చిక బయలు, దాని చివర విరిగిన తోరణాల మఠం, వెనకాల నది కనిపిస్తాయి. చాలామంది ఫోను తీసేది ఇక్కడే.

అగస్టీనియన్ సన్యాసులు 1154లో ఇక్కడ మఠం పెట్టారు. ఎనిమిదో హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నీ మూయించినప్పుడు, 1539లో ఇదీ పోయింది. తూర్పు భాగం కప్పు కూలి మొండిగోడలు మిగిలాయి. పడమటి భాగం మాత్రం ఊరి చర్చిగా నిలిచింది, ఇప్పటికీ అక్కడ ప్రార్థనలు జరుగుతున్నాయి. దాని ముందు 1520లో మొదలుపెట్టిన గోపురం సగంలోనే ఆగిపోయింది. ఒకే కట్టడంలో సగం శిథిలం, సగం నడుస్తున్న గుడి చూడాలంటే గోడ చుట్టూ ఒకసారి తిరగండి.

మఠం కిందే నది. దాటడానికి అరవై దాకా రాళ్లు వరుసగా వేసి ఉన్నాయి, పక్కనే నడక వంతెన. పిల్లలు రాళ్ల మీదికే పరుగెత్తుతారు. నీరు తక్కువగా ఉండి, రాళ్లన్నీ పొడిగా తేలి కనిపిస్తే పెద్దవాళ్లు తోడుగా పంపవచ్చు. మొదటి రాయి మీద కాలు పెట్టే ముందు అవతలి నుంచి ఎవరైనా బయలుదేరారేమో చూడండి, నడుమ తప్పుకోవడానికి చోటు ఉండదు. రాళ్లు ఒక ఎత్తున లేవు, మధ్యలో ఎడం పెరిగే చోట చిన్న కాళ్లకు అందదు. ఒక్క రాయి మునిగి ఉన్నా వంతెన ఎక్కండి. వంతెన మీద నుంచి చూస్తే మఠం ఇంకా బాగుంటుంది కూడా.

దశ 2: తూర్పు గట్టు మీదుగా చెక్క వంతెనకు

వంతెన దిగాక ఎడమకు తిరిగి, గట్టు ఎక్కే దారి పట్టుకోండి. మొత్తం నడకలో ఊపిరి బరువెక్కే చోట్లు రెండో మూడో ఉన్నాయి, వాటిలో ఇది ఒకటి, అదీ కాసేపే. పైకి చేరాక చెట్ల సందుల్లోంచి కింద నది వంపు, దాని ఒడిలో మఠం కనిపిస్తాయి.

మఠానికీ పెవిలియన్‌కూ నడుమ దారి పక్కన పడిపోయిన దుంగలను గమనించండి. వాటి నిండా నాణేలు. వచ్చిపోయేవాళ్లు రాయితో కొట్టి పెన్నీలను అంచు మీద నిలబెట్టి దిగగొట్టారు. రాగివి పచ్చబడ్డాయి, దెబ్బ తప్పినవి వంగిపోయాయి, రాణిగారి ముఖం సగం చెక్కలో, సగం బయట. కోరిక తీరుతుందని నమ్మకం. మన ఊళ్లలో చెట్టుకు ముడుపు కట్టే వాళ్లకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

దారి ఒక చిన్న వాగు దగ్గరికి దిగి, దాన్ని దాటి, మళ్లీ నది ఒడ్డుకు చేరుతుంది. ఎదురుగా చెక్క వంతెన. దాటితే పెవిలియన్. మరుగుదొడ్లు, టీ, ఐస్‌క్రీం ఇక్కడే. తర్వాత చాలాసేపు ఏమీ దొరకవు, పని ముగించుకుని కదలండి.

దశ 3: స్ట్రిడ్ అడవి

పెవిలియన్ వెనుక నుంచి ఎగువకు వెళ్లే వెడల్పాటి దారే అడవి దారి. నది కుడివైపు. ఇక్కడి ఓక్ చెట్ల వల్ల, వాటి మీది నాచు వల్ల ఈ అడవికి ప్రత్యేక శాస్త్రీయ ప్రాధాన్యం ఉన్న స్థలంగా చట్టరక్షణ ఉంది. అంటే పూలు కోయకూడదు, మొక్కలు పీకకూడదు. ఏప్రిల్, మే నెలల్లో నేలంతా తెల్లటి పూలతో అడవి వెల్లుల్లి పరుచుకుంటుంది. ఆకు కనబడకముందే వాసన తగులుతుంది. పప్పులో వేస్తే ఎలా ఉంటుందో అన్న ఊహ మనవాళ్లకు రాకమానదు. అక్కడ కోయడం తప్పు, పైగా దాని నడుమే దాన్ని పోలిన విషపు ఆకుల మొక్కలు మొలుస్తాయి. అదే కాలంలో నీలిగంట పూలు కూడా విరగబూస్తాయి. ఆకులు రంగు మారే అక్టోబరు చివరి రోజులు నాకు మరీ ఇష్టం, జనమూ తక్కువ.

ఈ కాలిబాటలు వేయించినది పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఇక్కడి చర్చి గురువు విలియం కార్. చూడదగిన వంపు వచ్చిన ప్రతి చోటా దారిని అటు తిప్పి, కూర్చోవడానికి తావు చేశాడు. ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది, పశుపోషణ. 1807లో ఆయన దొడ్లో పుట్టిన క్రేవెన్ హెఫర్ అనే పెయ్య పెరిగి పెరిగి పదకొండు వందల కిలోలు దాటింది. దాన్ని దేశమంతా తిప్పి చూపించారు, ఆ ప్రాంతపు బ్యాంకు తన నోట్ల మీద దాని బొమ్మే వేసుకుంది. దారి బాగుందని మెచ్చుకునేటప్పుడు ఆ పెయ్యను కూడా తలుచుకోండి.

నీటిలో పైకి తేలిన బండల మీద ఒక గోధుమరంగు పిట్ట, రొమ్ము మీద తెల్లటి మచ్చతో, మోకాళ్లు వంచి లేస్తూ కనిపిస్తే ఆగండి. దాన్ని డిప్పర్ అంటారు. ఒక్కసారిగా నీళ్లలోకి దిగి, ప్రవాహం అడుగునే నడుస్తూ పురుగులు ఏరుకుని, కాస్త ఎగువన పొడిపొడిగా తేలుతుంది. వేసవి చివర గట్ల వెంట గులాబీ రంగు పూలతో మనిషెత్తు మొక్కలు కనిపిస్తాయి. అవి 1839లో తోటల కోసం తెచ్చిన హిమాలయన్ బాల్సమ్. మన గోరింట పూల మొక్కకు దగ్గరి చుట్టం, ఇక్కడి ఒడ్డు మొక్కలకు శత్రువు. పండిన కాయను తాకితే టప్పున పేలి గింజలు చిమ్ముతుంది. పిల్లలకు సరదాగానే ఉంటుంది గాని, అలా ముట్టుకుంటే దాని వ్యాప్తికి సాయపడినట్టే.

దశ 4: స్ట్రిడ్ దగ్గర

పెవిలియన్ నుంచి రెండు కిలోమీటర్లు దాటాక నీటి హోరు మారుతుంది. హెచ్చరిక బోర్డు వస్తుంది. అక్కడ అందరినీ ఆపి, పిల్లల చెయ్యి పట్టుకున్నాకే ముందుకు కదలండి.

అప్పటిదాకా వెడల్పుగా, బండల మీద పారాడుతూ వచ్చిన వార్ఫ్ మొత్తం ఇక్కడ రెండు గట్టి రాతి పలకల మధ్య ఇరుకు సందులోకి దూరుతుంది. అతి సన్నని చోట సుమారు రెండు మీటర్లు. ఉరికితే అందేస్తుంది అనిపిస్తుంది, ప్రమాదమంతా ఆ అనిపించడంలోనే ఉంది. సుడుల్లో చిక్కిన గులకరాళ్లు వేల ఏళ్లు గిరగిర తిరిగి బండలో గుండాలు తొలిచాయి. గుండాలు ఒకదానితో ఒకటి కలిసి లోతైన కాలువ అయింది. నది తన వెడల్పునంతా లోతుగా మార్చుకుంది. మనం నిలబడే బండ కింద కూడా నీరు తొలుచుకుపోయి ఉంది. పడినవారిని ప్రవాహం ఆ చూరు కిందికి లాగుతుంది. ఈత వచ్చినా, రాకపోయినా ఒకటే. 1998లో హనీమూన్‌కు వచ్చిన కొత్త జంట ఇక్కడే కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకుంది.

ఇక్కడ ఒక పాత కథ ఉంది. రోమిలీ వంశపు కుర్రవాడు వేటకుక్క గొలుసు చేతపట్టుకుని దూకాడట, కుక్క బెదిరి వెనక్కి గుంజడంతో నీటిలో పడ్డాడట, కొడుకు పోయిన దుఃఖంతో తల్లి మఠానికి ఈ భూమి రాసిచ్చిందట. భూమి ఇచ్చిన పత్రంలో ఆ కొడుకు పేరు కూడా ఉందని, అంటే అప్పటికి అతను బతికే ఉన్నాడని చరిత్రకారులు ఎప్పుడో చూపించారు. కథ నిజం కాకపోయినా, అందులోని భయం నిజం.

ఇక్కడ పాటించవలసినవి: రాతి పలకల అంచుకు వెళ్లవద్దు. పాచి పట్టిన ఆ బండ ఎండాకాలంలోనూ జారుతుంది. సెల్ఫీ కోసం నీటికి వీపు తిప్పి నిలబడవద్దు. మనకు నది కనిపిస్తే దిగి నెత్తి మీద నీళ్లు చల్లుకునే అలవాటు, అది ఇక్కడ వద్దు. దారి మీది నుంచి, రెయిలింగు ఉన్న చోటు నుంచి చూసినా స్ట్రిడ్ పూర్తిగా కనిపిస్తుంది. ఎవరైనా నీటిలో పడితే వెంట దూకవద్దు. 999కి ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని అడగండి, సిగ్నల్ లేకపోతే ఒకరు అక్కడే ఉండి మరొకరు పెవిలియన్ వైపు పరుగెత్తాలి.

నీటిమట్టం గురించి ఇంకో మాట. వార్ఫ్ పుట్టేది ఎగువన పీట్ నేలల కొండల్లో. నీటికి ఆ టీ రంగు అక్కడిదే. ఆ కొండల మీద కురిస్తే ఇక్కడ ఎండగా ఉన్నా నది గంటల్లో పొంగుతుంది. బయలుదేరే ముందు పొద్దున ప్రభుత్వ వెబ్‌సైటులో నదీమట్టం, వాతావరణ శాఖ పేజీలో ఎగువ లోయ వాన రెండూ చూడండి. ఇక నీటి శుభ్రత సంగతి: దిగువన ఇల్క్లీ దగ్గర ఇదే నదిలో ఒక భాగానికి 2020లో ఇంగ్లండ్ నదుల్లోనే తొలిసారిగా అధికారిక స్నానస్థలంగా గుర్తింపు వచ్చింది, పరీక్షల్లో నాణ్యత ‘నాసి’ అని తేలింది. కొండ నీరు కదా అని తీర్థంలా పుచ్చుకోవద్దు.

దశ 5: పైపుల వంతెన, బార్డెన్

స్ట్రిడ్ దాటాక దారి కాస్త ఎక్కి దిగి, అడవి అంచున గేటు దాటించి పొలాల్లోకి తెస్తుంది. ఎదురుగా బురుజులతో చిన్న కోటలా కనిపించేది నిజానికి నీటి పైపుల వంతెన. నిడ్ లోయ జలాశయాల నీటిని బ్రాడ్‌ఫర్డ్‌కు చేరుస్తుంది. బ్రాడ్‌ఫర్డ్ వాళ్లు తాము ఇంట్లో తాగే నీటి మీదుగానే నడుస్తారన్నమాట. అలసిన వాళ్లు ఇక్కడే దాటి వెనక్కి మళ్లవచ్చు.

ఓపిక ఉంటే ఇంకో పది పన్నెండు నిమిషాలు నది వెంటే సాగండి. బార్డెన్ వంతెన మూడు కమానుల రాతి కట్టడం. వరదలో దెబ్బతిన్నాక 1676లో వెస్ట్ రైడింగ్ అనే అప్పటి పరిపాలనా ప్రాంతం మొత్తం ఖర్చుతో బాగు చేయించినట్టు దాని మీది పలకలో చెక్కి ఉంది. వంతెన దగ్గరి పచ్చిక భోజనానికి మంచి చోటు. రోడ్డు వెంట కాస్త పైకి ఎక్కితే బార్డెన్ టవర్ శిథిలం. సింహాసనం కోసం జరిగిన యుద్ధాల్లో తండ్రి వైపు ఓడిపోవడంతో గొర్రెల కాపరుల మధ్య దాక్కుని పెరిగాడని చెప్పే హెన్రీ క్లిఫర్డ్, 1485లో తన ఆస్తి తిరిగి దక్కాక, కోటల కన్నా ఈ ఏకాంతాన్నే కోరుకున్నాడట.

పొలాల్లో గొర్రెలు, ఒక్కోసారి ఆవులు ఉంటాయి. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లండి. దూడలతో ఉన్న ఆవుల నడుమ నుంచి నడవకండి. మన ఊరి ఆవులా సాధువుగా నిలబడుతుందనుకుంటే పొరపాటు.

దశ 6: తూర్పు ఒడ్డున తిరుగు దారి

వంతెన దాటి కుడికి తిరగండి. పైపుల వంతెన దాకా చదును, ఆ తర్వాత దారి అడవిలోకి దూరి గట్టు పైకి ఎక్కుతుంది. స్ట్రిడ్‌ను ఈసారి పైనుంచి చూస్తారు. ఎదుటి ఒడ్డున బండల మీద నిలబడ్డ మనుషులు ఎంత అంచున ఉన్నారో ఇక్కడి నుంచే బాగా తెలుస్తుంది. చెట్ల వేళ్లు, రాళ్లు ఉన్న ఈ భాగంలో పెద్దవాళ్లకు చేతికర్ర ఉంటే మేలు. దారి పక్క ముళ్లు లేని మెత్తటి రంపపు ఆకులు కనిపిస్తే చెయ్యి తగలనివ్వకండి. అవి నెటిల్స్, తాకితే చురచుర మండుతుంది.

కొంత దూరం పోయాక దారి పాస్‌ఫోర్త్ వంతెన దగ్గర సన్నని రోడ్డు మీదికి తెస్తుంది. ఆ కాసేపు కార్లు వస్తాయేమో చూసుకుంటూ ఒక వరుసలో నడిచి, పొలంలోంచి చెక్క వంతెనకు దిగండి. అవతల మళ్లీ పెవిలియన్.

బస్సులో వచ్చినవారు గడియారం చూసుకోవలసినది ఇక్కడే. ఊరి వరకు ఇంకో ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. కార్ల మైదానం పక్కగా నడిచి రోడ్డు మీదికి ఎక్కితే ఫౌంటెన్ ఆకారపు స్మారకం కనిపిస్తుంది. 1882లో డబ్లిన్‌లో హత్యకు గురైన, ఈ డ్యూక్ కుటుంబానికే చెందిన ఫ్రెడరిక్ కావెండిష్ గుర్తుగా కట్టినది. అక్కడి నుంచి మెట్ల దారిన మఠం పక్కకు దిగి, గోడ కన్నం గుండా బస్సు స్టాపుకు చేరండి. చివరి బస్సు తప్పితే టాక్సీని ఇల్క్లీ నుంచో స్కిప్టన్ నుంచో పిలిపించుకోవాలి, అక్కడి నంబరు ఒకటి పొద్దునే ఫోనులో రాసి పెట్టుకోండి.